శ్రీశైలం ఎక్కిన చెట్టు

మల్లాపూర్ శివారులోని తాటివనం ఇప్పుడు ఆటస్థలం. నాలుగేళ్ల కింద తాటిచెట్టు మీంచి పడి చనిపోయిన శ్రీశైలం పేరు మీద దోస్తులంతా కలిసి చేసిన పార్కు. మిగతా చెట్లన్నీ కొట్టేసినా అతను ఆఖరుసారి ఎక్కిన చెట్టును మాత్రం ఉంచారు. దాని చుట్టూ గద్దె కట్టారు. వాలీబాల్ వల ఒక కొస దానికే కడతారు.

అక్కడ ఊడ్చేది, నీళ్లు పట్టేది అతని తండ్రి దేవయ్య. నలభై ఏళ్లు కల్లు గీసిన మనిషి. మోకాళ్లు పట్టేశాక, చెట్టెక్కే మోకును కొడుకు చేతికిచ్చాడు. ఇప్పుడు రోజూ పొద్దున్నే వచ్చి, ఎవరూ చూడకుండా, కల్లుకత్తి పిడితో ఆ చెట్టు మొదలు మీద కొడతాడు. గీసేవాడికి చెట్టు చెవితోనే ఎరుక. గట్టి చెట్టు రాయిలా పలుకుతుంది. ఇది ఖాళీ కుండలా పలుకుతుంది. ఏటికేడు ఆ చప్పుడు పైపైకి పాకుతోంది.

వర్ధంతి పోటీలు మూడు రోజులున్నాయనగా యువజన సంఘం రాజేశం వచ్చాడు. అప్పటికే దేవయ్య భార్య సాయవ్వ చెట్టు చుట్టూ పురికొస తిప్పి పూలదండకు కొలత తీస్తోంది.

"కాకా, గీసారి బడిపిల్లల్ని గద్దె మీదనే కూసోవెడ్తం. నీడ ఉంటది."

"వద్దు. చెట్టు కొట్టెయ్యిన్రి."

రాజేశం నవ్వాడు. "పొద్దుగాల్నే ఒక సీస పడ్డదా ఏంది కాకా? గిది మన శ్రీశైలం చెట్టు."

"లోపలంత పుచ్చింది. పెద్ద గాలొస్తే ఆగది."

సాయవ్వ చేతిలో పురికొస ఆగింది. "ఎప్పుడు పుచ్చింది?"

మొన్ననే పుచ్చిందనవచ్చు. అలా అంటే చెట్టొక్కటే పోతుంది. దేవయ్య నోరు తెరిస్తే మాత్రం ఉన్నదే వచ్చింది.

"వాడు ఎక్కకముందే. దీని కల్లు తియ్యగుంటదని అందరు దీన్నే అడుగుతుండిరి. ఇంకొక్క ఏడు ఆగుతది గదా అనుకున్న. గట్టిగనే ఉన్నది, ఎక్కురా అన్న. చెట్టు ఊగింది. మోకు జారింది."

రాజేశం వెళ్లి వల ముడి విప్పసాగాడు.

సాయవ్వ పురికొసను ఉండ చుట్టి కొంగున కట్టుకుంది. వెళ్లి గద్దె మీద కూర్చుని, చెట్టుకు వీపు ఆనించింది.

"లే, సాయవ్వా. ఎప్పుడు పడుతదో తెల్వది."

"వానికి చెప్పకపోతివి," అంది ఆమె. "నాకెందుకు చెప్తున్నవు?"

దేవయ్య కత్తి కింద పెట్టాడు. ఆమెకు చెయ్యి అందనంత దూరంలో, అదే గద్దె మీద కూర్చున్నాడు.