కొంగలకు పరిచిన దుప్పట్లు

మిద్దె మీద ఆరేసిన తడి దుప్పటి గాలికి టపటపలాడితే ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తుంది. బట్టల చప్పుడుకు భయమేమిటని కోడలు నవ్వుతుంది. నాకది బట్టల చప్పుడు కాదు, వందల రెక్కలది. వెంటనే మా అత్త ఎల్లవ్వ గుర్తుకొస్తుంది. నేను రెండో తరగతి దాటలేదు. చదువు చెప్పిన పంతులు పేరు మరిచిపోయాను గాని, అత్త అన్న మాట ఒక్కటీ మరిచిపోలేదు.

జర్మనీ యుద్ధం నడుస్తున్న రోజుల్లో గౌడవెల్లి నుంచి షామీర్‌పేటకు కోడలిగా వచ్చాను. ఊరి బట్టలుతికే ఇల్లు మాది. చెరువులో మా రేవు పక్కనే, ఒడ్డు నీళ్లలో నిలబడ్డ నల్లతుమ్మ చెట్లుండేవి. పొద్దుగూకే వేళకు కొంగలూ, పొడుగు కాళ్ల పిట్టలూ అన్నీ అక్కడికి చేరేవి. ఆ వేళకు అత్త బండ మీద బట్ట కొట్టడం ఆపేసేది. తెలియక నేను దబదబా బాదుతుంటే చేయి పట్టుకుంది.

"ఆపు బిడ్డా. పొద్దంత తిరిగొచ్చి గిప్పుడే కాలు మోపుతున్నయి. ఇంటికొచ్చినోళ్ల నెత్తి మీద డప్పు కొడుతరా?"

"పిట్టలకు గింత మర్యాదనా అత్తమ్మా?"

"నీకు జేస్తలేనా?" అని నవ్వింది.

ఆ చలికాలం గడికి, అంటే దొర ఇంటికి, పట్నం నుంచి షికారు చుట్టాలొచ్చారు. పిట్టలు దిగే వేళకు తుమ్మల కింద నుంచి తుపాకులు పేల్చారు. పడినవి పడ్డాయి. మిగిలినవి ఒక్క అరుపైనా లేకుండా చెరువు మీద గుండ్రంగా తిరిగాయి, తిరుగుతూనే ఉన్నాయి. దిగలేదు. తర్వాత చాలా రోజులు ఆ చెట్లు బోసిపోయాయి. మేం బట్ట కొడితే ఆ దెబ్బ అవతలి గట్టుకు తగిలి, అక్కడెవరో ఉతుకుతున్నట్టు తిరిగొచ్చేది. అత్త చేయి ఆపి చెవి పెట్టేది. "అవి లేకపోతే గీ చెరువు మన దిక్కే జూస్తున్నట్టున్నది" అనేది.

కొన్ని కొన్నిగా అవి మళ్లీ రాసాగాయి. అంతలోనే గడి నుంచి తెల్ల దుప్పట్ల మూటలొచ్చాయి. చుట్టాలు మళ్లీ షికారుకొస్తున్నారట, రాత్రికి వాళ్ల పరుపుల మీద వేయాలట.

"ఇంకోపారి తుపాకి పేలితే ఇగ రావు" అంది అత్త. ఉతికిన దుప్పట్లన్నీ మూటగట్టి, నన్ను వెంటబెట్టుకొని చెరువు అవతలి ఒడ్డుకు నడిచింది. నీటి పొదల మీద ఒక్కొక్కటీ పరిచి, నడుమ ఎత్తి ముడివేసింది, తల రెక్కల్లో దాచుకొని నిద్రపోయే కొంగల్లాగా.

"తెల్లగ కనవడ్డకాడ తెల్లపిట్ట దిగుతది. మన రేవుల జూసిన."

"గడి బట్టలత్తమ్మా! ఖరాబైతే మనల్ని ఊర్లె ఉండనిస్తరా?"

"బట్ట ఖరాబైతే మళ్ల ఉతుకుత. సచ్చిన పిట్టను ఉతికి లేపుతనా?"

తుంగలో నక్కి కూర్చున్నాం. ఎదుటి ఒడ్డున, తుమ్మల కింద సిగరెట్టు నిప్పులు కనబడుతున్నాయి. పిట్టలు చప్పుడు లేకుండా వచ్చాయి. తుమ్మల మీదుగా ఒక్క చుట్టు తిరిగి, మా వైపు మళ్లాయి. దుప్పట్ల మీదా, మా చుట్టూ దిగాయి. ఒక కొంగ మెడ వంచి, మొహం ఎక్కడుందా అన్నట్టు దుప్పటి మడతల్లోకి చూసింది. తర్వాత నా మొహంలోకి చూసింది. ఆ పసుపు కంటికి నేను మనిషిలా కనిపించానో, బట్టలా కనిపించానో ఇప్పటికీ తెలియదు. అత్త నా చేయి పట్టుకుంది. తుమ్మల మీద దిగాకే కాల్చాలని కాచుకున్న తుపాకి ఒక్కటీ పేలలేదు.

ఆ రాత్రి చుట్టాలు ఒట్టి పరుపుల మీదే పడుకున్నారు. తెల్లారి చూస్తే దుప్పట్ల నిండా రెట్ట. ఎంత ఉడకబెట్టినా మరక పోలేదు. గడి జవాను వచ్చాడు.

"ఏందే ఎల్లీ, దుప్పట్లు గిట్లున్నయి?"

"చుట్టాలకు పిట్టలు గావాలె గదయ్యా. పాపం, అవ్వే వాళ్ల దుప్పట్లల్ల పండిపోయినయి."

జవాను నవ్వు ఆపుకున్నాడు. దొరకు నవ్వు రాలేదు. చెరువు కనిపించే మెట్ట మీది గడి ముందు అత్తను వంగబెట్టి, వీపు మీద రాయి పెట్టించాడు. పొద్దుగూకేదాకా అట్లాగే ఉండాలి. నేను పక్కన నిలబడి ఏడుస్తున్నాను. పొద్దు వాలాక పైన రెక్కల చప్పుడైంది. ఆమె తల ఎత్తలేకపోయింది.

"ఏడుపాపి మీదికి జూడు పిల్లా. ఎటు పోతున్నయి?"

"చెరువు దిక్కే అత్తమ్మా."

"నా బాధ జూసి అబద్ధమాడకు."

"నీ తోడు. మస్తున్నయి. ముంగట పొడుగు మూతివి, ఎనుక తెల్లయి. ఒకటి ఎనుకబడ్డది."

"గంత జల్దీ జెప్పకు. ఎనుకబడ్డది ఏమైంది?"

కళ్లు తుడుచుకొని నిదానంగా చెప్పాను. అది ఎట్లా అందుకుందో, తుమ్మల మీద కాళ్లు ఎట్లా చాపాయో, ఏ కొమ్మ ఎంత వంగిందో, రాయి దించేదాకా చెబుతూనే ఉన్నాను. అన్నీ గుర్తుపెట్టుకొని ఎట్లా చెబుతావని ఇంటిల్లిపాదీ అడుగుతారు. తల ఎత్తలేని మనిషికి చెప్పాలంటే ఎంత చూడాలో ఆ పూటే తెలిసింది. ఇప్పటికీ నేను ఏది చూసినా, ఆ వంగిన వీపు పక్కన నిలబడే చూస్తాను.