ఇయ్యాల వద్దు బిడ్డా

మిర్యాలగూడ రైస్ మిల్లు ప్రభాకర్ సేటుకు ఒకటే పిచ్చి. ఎవరు పిలిచినా పలకాలి. వీధిలో ఉల్లిగడ్డల బండి అరిస్తే, మిల్లులో ఎంత పనున్నా గేటు దాకా వచ్చి, "ఇయ్యాల వద్దు బిడ్డా, మళ్ల రా" అని సాగనంపేవాడు. లోను ఇస్తామని ఫోనులో రికార్డు గొంతు మోగినా అదే మాట. ఆ గొంతు ఆగేదాకా ఫోను పెట్టేవాడు కాదు.

అక్కడితో ఆగితే రచన అనే కోదాడ అమ్మాయికి నిద్ర చెడేది కాదు. జనం కథలూ కబుర్లూ రాసుకునే ఒక బ్లాగు సైటులో సేటు కూడా చేరాడు. అక్కడ కనిపించిన ప్రతి ప్రకటన కిందా "ఇయ్యాల వద్దు బిడ్డా" అని రాసేవాడు. జుట్టు మొలిపించే నూనెకు మాత్రం బట్టతల తడుముకుని కాస్త ఆలోచించి, తర్వాత రాసేవాడు. జనానికి అది సరదా అయిపోయింది. ప్రకటన పడితే చాలు, అందరూ పొలోమని అదే రాయసాగారు.

రచన సూర్యాపేటలో యోగేష్ అనే బియ్యం వ్యాపారి దగ్గర ప్రకటనలు రాస్తుంది. ఆ సైటులో వేసిన ఆమె ప్రకటన కిందా అవే కామెంట్ల వరద. ఆర్డర్లు మాత్రం సున్నా.

"ఇంతమంది చూశారుగా సార్!"

"సూసిండ్రు, వద్దన్నరు. ఆదివారం లోపల ఒక్క బస్తన్న అమ్మకుంటే, నేను గూడ నీకు గదే మాట చెప్త" అన్నాడు యోగేష్.

ఏమీ పాలుపోక రచన బస్సెక్కి సేటు మిల్లుకు వచ్చింది.

"మా ప్రకటనకి వద్దని ఎందుకండీ రాస్తారు?"

"పిలిచినవ్ గద బిడ్డా. పలకకుంటే ఎట్ల?"

"పలికితే కొనాలి కదండీ!"

"గాడ నలుగురం ముచ్చట పెట్టుకుంటం. నడుమల వచ్చి బియ్యం, బియ్యం అంటవ్. బాగున్నరా అని అడగవ్. మేం రాసినదానికి ఎన్నడన్న పలికినవా?"

"అది నేను కాదండీ, కంప్యూటర్ వేస్తుంది" అంది రచన కళ్ళు తుడుచుకుంటూ.

"కంప్యూటరైతే నువ్వెందుకు ఏడుస్తున్నవ్?"

సేటు ఆమెకు చాయ్ తెప్పించాడు. చాయ్ తాగి, ఉద్యోగం సంగతి చెప్పి, వచ్చినప్పటికన్నా ఎక్కువ అయోమయంతో తిరుగు బస్సెక్కింది.

ఆదివారం పొద్దున ఆమె ప్రకటన కింద సేటు రాశాడు: "ఆగు బిడ్డా. అందరు బాగున్నరా? ఒక బస్త పంపు."

సైటంతా గగ్గోలు. "సేటూ, పానం బాగలేదా?" అని ఒకరు. "నీ ఫోను ఎవరన్న కొట్టేసిండ్రా?" అని ఇంకొకరు. సూర్యాపేటలో యోగేష్ ఆర్డరు మీది చిరునామాను రెండుసార్లు చదివాడు. "మిల్లోడు మన బియ్యం కొనుడేంది?" అన్నాడు. అయినా ఆర్డరు ఆర్డరే, రచన ఉద్యోగం నిలిచింది.

ఈసారి కంప్యూటర్‌కు వదిలేయకుండా ఆమే జవాబు రాసింది: "బాగున్నామండీ. మీరంతా ఎలా ఉన్నారు?" ఆ పూట ప్రకటన కింద ఎవరూ వద్దనలేదు. బియ్యం మాటా ఎత్తలేదు. ఎవరింట్లో ఏం కూరో చెప్పుకున్నారు.

అన్నిటికన్నా కింద, ఎన్నడూ ఆ సైటు ముఖం చూడని సేటు భార్య విజయలక్ష్మి రాసింది: "మిల్లు పెట్టుకొని బియ్యం కొంటరా? ఇంటికి రాండ్రి, చెప్త."

ఎవరు పిలిచినా పలికే ప్రభాకర్ సేటు, ఆ ఒక్క పిలుపుకు మాత్రం ఇంతవరకు పలకలేదు.