జూనియర్ అని రాసుకునే ధైర్యం

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు. నేను నిలబడి సాక్ష్యం చెప్పుడు ఇదే మొదలు, మాట తడబడితే క్షమించండి.

బీసీఏ అయినప్పటి నుంచి నాకు నెమ్మది లేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి రెజ్యూమె రాసుడు, పంపుడు, జవాబు రాకపోతే మార్చుడు, ఇదే నా బతుకైపోయింది. పొద్దున వెబ్‌సైట్లు చేసేదాన్నని రాస్తి, మధ్యాహ్నం డేటా చూసేదాన్నని, సాయంత్రానికి రెండూ నేనేనని. అన్నం ముందర ఫోన్, ప్రార్థనలో ఫోన్. సంఘమంతా మన సూరత్ డుమస్ బీచికి పోయిన రోజు మీరు సముద్రంలో కాళ్లు తడుపుకుంటుంటే నేను భజియాల బండి పక్కన నిలబడి రెజ్యూమెనే మారుస్తున్న. తిన్నది ఒంటికి పట్టదు.

మా నాయన ఇక్కడే భేస్తాన్‌లో సాంచాలు, అదే మరమగ్గాలు, నడుపుతడు. ఆ పని అడగపోయినోళ్లు ఎప్పుడూ తక్కువ చెప్పరు. నాలుగు నడిపేటోడు ఎనిమిది అంటడు, సేఠ్ పెట్టుకున్నాక చూసుకుందామని. నాయన నాకూ అదే చెప్పిండు, ప్రేమతోనే: "జూనియర్ అంటే ఎవడు పిలుస్తడు బిడ్డా, అన్నీ వస్తయని రాయి." పేరు విన్న ప్రతి కంప్యూటర్ భాషా రాసిన. ఒక కంపెనీ వాళ్లు పిలిచిండ్రు కూడా. ఇంటర్వ్యూలో అందులోనుంచి ఒకదాన్ని పట్టుకొని అడిగితే దాని పేరునే మళ్ల మళ్ల చెప్పిన. ఎదురుగా కూర్చున్నాయన కాగితం వైపు, నా వైపు చూసి, నీళ్లు తాగమ్మా అన్నడు. ఆ మెత్తటి మాటకే నాకు ఏడుపొచ్చింది.

అది చూసి నాయన రింగ్ రోడ్‌లో చీరల దుకాణంల బిల్లులు కొట్టే పని మాట్లాడి పెట్టిండు, ఈ నెల దాటితే పోవాలె. అది చెడ్డ పని కాదు, కాని అక్కడ ఒకసారి కూర్చుంటే మళ్ల లేవనని నా భయం.

ఆ తర్వాతి ఆదివారం ఇక్కడే మోకరించి ప్రార్థన చేసిన: "ప్రభువా, నేను ఎవరినని రాయాలె? రాసి రాసి నాకే తెలియకుండ పోయింది, నువ్వన్నా చెప్పు." కోపంగా చేసిన ప్రార్థన అది. కండ్లు మూసుకొని ఉంటే పక్కన పిల్లలు పాట ఎత్తుకున్నరు. సూరత్‌లో పుట్టిన మన పిల్లలకు తెలుగు మాట వస్తది, తెలుగు అక్షరం రాదు. వాళ్ల కోసమని మన పాటలను గుజరాతీ అక్షరాల్లో చూపించే చిన్న ప్రోగ్రాం నేనే చేసి పెట్టిన కదా, అది చూసే పాడుతున్నరు. దాన్ని నేను ఎన్నడూ రెజ్యూమెలో రాయలేదు, సంఘం పని ఇంటి పని లాంటిదే, ఎవరు లెక్కచేస్తరని. కాని మొదటి నుంచి చివరిదాకా నా చేతుల మీద అయిన పని అదొక్కటే! దేవునికే మహిమ, ఆ పాట ముగిసేదాక నా చెయ్యి ఫోన్ మీదికి పోలేదు.

ఇంటికి పోయి అన్నీ తీసేసిన. పైన జూనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అని రాసిన. కింద ఈ పాటల ప్రోగ్రాం, ఎందుకు చేసిన, ఎవరు వాడుతున్నరు, ఎక్కడ తప్పు పోయి మళ్ల సరిచేసిన. ఆ తర్వాత నాకు నిజంగా వచ్చిన భాషలు, ఇప్పుడు నేర్చుకుంటున్నది. నాయన చూసి, "ఏంది బిడ్డా, గింతేనా?" అన్నడు. గింతే నాయనా, అన్న.

మొన్న ఇంకో కంపెనీ వాళ్లు పిలిచిండ్రు. ఎక్కువసేపు పాటల ప్రోగ్రాం గురించే అడిగిండ్రు. ఒక ప్రశ్నకు మాత్రం నాకు తెలియదండి, నేర్చుకుంట అన్న. జవాబు ఇంకా రాలేదు. ఉద్యోగం వచ్చినాక సాక్ష్యం చెప్పరాదా అని పాస్టరమ్మగారు అడిగిండ్రు. అప్పుడు చెప్తే అది ఉద్యోగానికి చెప్పిన కృతజ్ఞత అయితది, సహోదరులారా. నన్ను విడిపించింది ఉద్యోగం కాదు.

ఇప్పటికీ చెయ్యి ఫోన్ మీదికి పోతున్నది, దాచను. జవాబు కాదని వస్తే రింగ్ రోడ్‌లో బిల్లులు కొడత, కొట్టుకుంటనే మళ్ల పంపుత, పైన రాసిన ఆ మాట మాత్రం మార్చను. మీలో ఎవరన్నా ఉన్నదానికంటే పెద్దగ కనపడాలని అలిసిపోతుంటే, ఆయన దగ్గరికి రండి, ఉన్నట్టే రండి. నా కోసం ప్రార్థన చేసేటప్పుడు పెద్ద ఉద్యోగం ఇయ్యమని అడగకండి. నాకు తగినది ఇయ్యమని అడగండి. ఆమెన్.