వెనక సీటు లేని బండి

నేను చేసిన బండిని చూడడానికి వచ్చినవాళ్ళు ముందు టాంకు మీద వేళ్ళతో తట్టి చూస్తారు. తర్వాత సైలెన్సరు దగ్గర వంగుతారు. ఆఖరికి వెనక్కి వెళ్ళి ఆగిపోతారు. అక్కడ చూడడానికి ఏమీ ఉండదు. నేను కూర్చునే చోటుతోనే సీటు అయిపోతుంది. ఆ తర్వాత రేకు మడ్‌గార్డు, ఎర్ర లైటు, అంతే.

"మరి రెండో మనిషి ఎక్కడ కూకుంటాది?" అని అడుగుతారు.

"నడిచొత్తాది" అంటాను.

నవ్వుతారు, లేదా నా మొహం చూసి నవ్వు ఆపుకుంటారు. ఇంకో ప్రశ్న వెయ్యరు. నా నోరు మంచిది కాదని అరకులో అందరికీ తెలుసు.

మాది వెల్డింగ్ షాపు. షాపంటే ఇంటి వెనక రేకుల షెడ్డు. మా నాన్న విజయనగరం వైపు నుంచి గేట్లూ గ్రిల్సూ చేసుకుందామని వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మగపిల్లలు లేరు కాబట్టి పని నాకు నేర్పాడు. ఆయన పోయాక ఇల్లూ షెడ్డూ నాకు మిగిలాయి. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళకి గ్రైండరు ఆన్ చేసి జవాబు చెప్పేదాన్ని. కొన్నాళ్ళకి ఆ మాట ఎత్తడం మానేశారు. నాకూ హాయిగానే ఉండేది.

అప్పుడు టీచరు వచ్చింది. మా ముందు గదిలో అద్దెకి దిగింది. కింద నుంచి వచ్చింది. మాకు కొండ దిగితే వచ్చేదంతా కిందే, అది విశాఖపట్నమైనా శ్రీకాకుళమైనా. కింద నుంచి ఇక్కడికి ఉద్యోగానికి వచ్చేవాళ్ళు సూట్‌కేసు పూర్తిగా విప్పరు. ఏజెన్సీలో కొన్నేళ్ళు చేస్తే కిందకి వెళ్ళిపోవచ్చని లెక్కలు వేసుకుంటూ ఉంటారు. ఈమె మాత్రం వచ్చిన మర్నాడే పెట్టె ఖాళీ చేసి మంచం కిందకి తోసేసింది. అది చూసి నేను మోసపోయాను.

ఆమె బడికి డుంబ్రిగుడ దాటి లోపలికి వెళ్ళాలి. బస్సు మలుపు దగ్గర వదిలేసి పోతుంది. మిగతా దారి నడకే. మొదటి వానాకాలంలో మోకాళ్ళ దాకా బురదతో ఇల్లు చేరిన టీచర్ని చూసి, రేపట్నుంచి నేను దింపుతానన్నాను. అటు నాకు పనున్నా లేకపోయినా, ప్రతి పొద్దునా ఆమె నా పాత బండి మీద, నా వెనక ఒక పక్కకి తిరిగి కూర్చునేది. మనిషి పొట్టి. చీర కట్టి పక్కకి కూర్చుంటే కాళ్ళు ఫుట్‌రెస్టుకి అందేవి కావు. గాల్లో వేలాడి తిమ్మిరెక్కిపోయేవి. అందుకని కొంచెం ఎత్తులో వేరే ఫుట్‌రెస్టు తయారు చేసి అతికాను. దాని మీద పాత టైరు ముక్క కోసి వేశాను, జారకుండా. నేను చేసిన వస్తువుల్లో ఎవరూ మెచ్చుకోకపోయినా నేను మెచ్చుకున్నది అదొక్కటే.

అన్నేళ్ళలో ఆమె మొహం నేను చూసింది తక్కువ. మా మాటలన్నీ బండి మీదే. మాట వెనక నుంచి నా చెవి పక్కకి వచ్చేది. సంత రోజు పిల్లలు బడికి రాకపోవడం, వాళ్ళమ్మ మోకాలి నొప్పి, రాత్రి వచ్చిన కల, అన్నీ. ఆమె కుడి చెయ్యి నా ఎడమ భుజం మీద ఉండేది. మలుపుల్లో కాస్త నొక్కేది. ఆ నొక్కుని బట్టి ఆ రోజు మనసు బాగుందో లేదో నాకు తెలిసిపోయేది.

ఒక రోజు స్వీటు పొట్లం పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. నేను ఎవరిదో గేటు అతుకుతున్నాను.

"అక్కా, ట్రాన్స్‌ఫర్ కౌన్సెలింగ్‌లో కింద ఊరొచ్చింది" అంది. సంతోషం దాచుకుందామని చూసింది గాని వల్ల కాలేదు.

"మంచిదే" అని నల్లద్దం మొహం మీదకి దించుకున్నాను. ఆ గేటు ఇప్పటికీ ఒక మూల వంకరే. దాని యజమాని చెప్తే నేను ఒప్పుకోలేదు.

వెళ్ళిన కొత్తలో రోజూ ఫోను చేసేది. తర్వాత ఆదివారాలు. ఆ తర్వాత పువ్వుల బొమ్మ మీద శుభోదయం అని రాసినవి వచ్చేవి, పదిమందికి పంపినవే నాకూ. నేను పాత బండి మీదే తిరిగేదాన్ని. వెనక బరువు లేక గుంతల్లో ఎగిరేది. రోడ్డు మీద నడిచేవాళ్ళు చెయ్యెత్తితే ఎక్కించుకునేదాన్ని. కొండల్లో అది అడగక్కర్లేని సంగతి, ఖాళీ సీటుంటే ఆగాలి. మరీ ముఖ్యంగా ఆడవాళ్ళు నా బండి చప్పుడు గుర్తుపట్టి ముందే నిలబడేవారు. అలా ఒక పొద్దున చింతపండు మూటతో ఒక ముసలమ్మ ఎక్కింది. మలుపులో నా భుజం నొక్కింది. "పడిపోవులే టీచరూ" అన్నాను.

"టీచరెవులమ్మా? నానేటి టీచర్నా?" అని ముసలమ్మ తెగ నవ్వింది. ఊరొచ్చేదాకా నవ్వుతూనే ఉంది. నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. అద్దంలో కనబడుతుందేమోనని అద్దం తిప్పేశాను. ఇంక నా వెనక ఎవరూ కూర్చోవద్దని అప్పుడే అనుకున్నాను.

ఆ వానాకాలం పనులు తక్కువ. పాత బండి మొత్తం విప్పేశాను. ఇంజనూ చక్రాలూ ఉంచుకుని మిగతాది మొదట్నుంచీ చేద్దామని కూర్చున్నాను. షెడ్డు నేల మీద సుద్దతో బొమ్మ గీసి, దాని మీద ఇనుప యాంగిళ్ళు బిగించి, పైపులు కదలకుండా అచ్చు కట్టాను. పైపు వంచేటప్పుడు లోపల ఇసుక దట్టించి రెండు చివర్లూ మూసి కాల్చాలి, లేకపోతే వంపు దగ్గర నొక్కుకుపోతుంది. ఇది నాన్న నేర్పిందే. అరకు వానల్లో వెల్డింగ్ రాడ్లు చెమ్మ పట్టి చిటపటలాడతాయి. వాటిని పొయ్యి పక్కన ఆరబెట్టేదాన్ని, అన్నం ఒక పక్క, రాడ్లు ఒక పక్క. నేను వెల్డింగ్ మంట పుట్టించినప్పుడల్లా పక్కింటి టీవీ మినుక్కుమనేది. సీరియల్లో ఎవరో చచ్చిపోయే టైముకి నేనే కరెంటు లాగేస్తున్నానని పక్కింటావిడ గోడ అవతల్నుంచి తిట్టేది. ఆ తిట్లు కూడా బాగానే ఉండేవి. రోజు మొత్తంలో నాతో మాట్లాడేది ఆవిడే.

కొలతలకి ఎవరి దగ్గరికీ వెళ్ళలేదు. స్టూలు మీద కూర్చుని నన్ను నేనే కొలుచుకున్నాను. మోచెయ్యి ఎంత చాపితే హ్యాండిల్ అందుతుంది, మోకాలు ఎక్కడ వంగుతుంది, నడుము ఎక్కడ ఆగుతుంది. నడుము ఆగిన చోట సుద్దతో గీత గీసి, ఫ్రేము పైపులు అక్కడే కోసేశాను. టాంకు నన్ను ఏడిపించింది. పాత క్యాలెండరు కాగితంతో కొలత తీసి, రేకు కోసి, ఇసుక మూట మీద సుత్తితో కొట్టి గుండ్రం తెచ్చాను. అతుకుల మీద సబ్బు నీళ్ళు రాసి లోపలికి గాలి కొడితే ఏదో ఒక మూల బుడగలొచ్చేవి. అక్కడ మూస్తే ఇంకోచోట వచ్చేవి. సీటుకి మంచం పరుపులోంచి స్పాంజి కోశాను.

ఇంజను మొదటిసారి స్టార్టయిన రోజు షెడ్డు రేకులన్నీ అదిరాయి. నేను ఠక్కున వెనక్కి తిరిగాను, చూశావా అనడానికి. వెనక డ్రిల్లింగ్ మిషన్ ఉంది. ఫొటో తీసి టీచరుకి పంపాను. 'సూపర్ అక్కా' అని వచ్చింది, పక్కన బొటనవేలి బొమ్మ.

కాగితాల మీద అది ఇంకా పాత బండే, అందుకని చెకింగ్ ఉండే వైపు పోను. డుంబ్రిగుడ సంతకే తీసుకెళ్ళాను. దారిలో బుట్ట నెత్తిన పెట్టుకుని ఒకామె నడుస్తోంది. చప్పుడు విని ఆగి చెయ్యెత్తింది. బండి దగ్గరికొచ్చాక వెనక సీటు లేదని చూసి చెయ్యి దించేసింది. దించిన చేత్తోనే చెవి పక్క జుట్టు సర్దుకుంది, అసలు నన్ను ఆపాలనుకోనట్టు. నేను ముందుకి పోయి, ఏం తోచక మలుపు దగ్గర ఆగి చైను చూస్తున్నట్టు వంగాను. ఆమె నడుచుకుంటూ వచ్చింది.

"సెడిపోనాదేటమ్మా?"

"నేదు. సైను సూత్తన్నాను."

"ఒక్కదానివే ఎల్లే బండి సేసుకున్నావేటి?"

ఊఁ అన్నాను. ఆమె తప్పు పట్టలేదు, ఎగతాళీ చెయ్యలేదు. బుట్ట సర్దుకుని తన దారిన పోయింది. ఒకటి రెండు సంతలు అయ్యేసరికి నా బండి చప్పుడుకి ఎవరూ ఆగడం లేదు. నేను కోరుకున్నది అదే. అది దొరికాక సంత నుంచి ఇంటికి దారి చాలా పొడుగైంది.

చలికాలంలో, టూరిస్టులతో అరకు నిండిపోయినప్పుడు, టీచరు ఫోను చేసింది. తోటి టీచర్లతో బొర్రా గుహలు చూడడానికి వస్తోందట, మా ఇంటి దగ్గర కాసేపు ఆగుతానంది. ఆ పొద్దున బండిని గుడ్డతో తుడిచి షెడ్డు గుమ్మంలో నిలబెట్టాను. ఆమె ఏమంటుందోనని తప్ప ఇంకే ఆలోచనా లేదు. ఆమె చూసి ఏడవాలనుకున్నానో, మెచ్చుకోవాలనుకున్నానో నాకే తెలియదు.

కాస్త ఒళ్ళు చేసింది. కళ్ళజోడు వచ్చింది. "ఏదీ, బండేదీ?" అంటూ సరాసరి షెడ్డులోకే వచ్చింది. టాంకు తట్టింది. సైలెన్సరు దగ్గర వంగింది. వెనక్కి వెళ్ళి ఆగింది. అందరూ అడిగే ప్రశ్నకి నా జవాబు సిద్ధంగా ఉంది. ఆమె అది అడగలేదు.

"నా ఫుట్‌రెస్టు ఏటి సేసినావక్కా?" అంది.

"పాత ఇనుముకి ఏసేసాను."

అది ఆమె తల వెనకే, గోడ మేకుకి వేలాడుతోంది. ఆమె గోడ వైపు చూడలేదు, నన్నే చూసింది.

"పోన్లే. తుప్పట్టిపోయుంటాది" అంది.

బయట కారు హారన్ కొట్టారు. బేగి రమ్మని ఎవరో పిలిచారు. ఆమె వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేసింది. అదే చెయ్యి, అదే భుజం. ఎప్పుడూ వెనక నుంచి పడే చెయ్యి ఎదురుగా పడేసరికి బొటనవేలు మెడ వైపుకి వచ్చింది. అది ఆమె చెయ్యిలా అనిపించలేదు.

కారు చప్పుడు పూర్తిగా పోయాక మేకు మీంచి ఆ ఫుట్‌రెస్టుని తీశాను. టైరు ముక్క మడమ ఆనే వైపు అరిగి ఉంది. బండి పక్కన కూర్చుని ఫ్రేముకి ఆనించి చూశాను. చక్రం ఇరుసు దగ్గర పెట్టాను, సైలెన్సరు పైన పెట్టాను, అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. ఎక్కడా అమరలేదు. అమరకుండా కోసింది నేనే.