కింది మంచం ఇప్పించిన తూటా

గల్ఫ్‌లో, మఫ్రఖ్ లేబర్ క్యాంపులో నన్ను అందరూ గన్‌మ్యాన్ అనేవారు. అక్కడ నా చేతిలో ఉండేది ఒక టార్చి, ఒక విజిల్. గోదాము గేటు దగ్గర కుర్చీ వేసుకుని, వచ్చే లారీలకు సలాం కొట్టడం నా ఉద్యోగం. అయినా పేరు నిలిచిపోయింది. ఊళ్లో నేను ఒక గ్రానైటు కాంట్రాక్టరుకు గన్‌మ్యాన్‌గా ఉన్న మాట నిజం. ఆయన రివాల్వర్ లైసెన్సులో నా పేరు కూడా ఉన్న మాట నిజం. మిగతాదంతా నేను కలిపింది.

కలిపింది ఇదీ: క్వారీ దగ్గర ఇద్దరు వేటకొడవళ్లతో మా కాంట్రాక్టరు మీదికి వచ్చారు. నేను ఒక్క తూటా పేల్చాను. మొదటివాడు గాల్లోకి లేచి వెనక్కి పడ్డాడు. రెండోవాడు పారిపోతూ నా భుజం మీద ఒక దెబ్బ వేశాడు. భుజం మీద మచ్చ ఉంది కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు. పారిపోయేవాడు ఎదురొచ్చి ఎలా నరికాడని కూడా అడగలేదు. శుక్రవారం మాంసం ఉడుకుతుండగా అలాంటివి ఎవరూ అడగరు.

మా గదిలో అన్నీ రెండంతస్తుల ఇనుప మంచాలు. కింది మంచం అంటే హోదా. ఏసీ మెకానిక్‌గా పనిచేసే కడప జిల్లా సాయిబు ఒకడు ఈ కథ విని తన కింది మంచం నాకు ఇచ్చేసి పైకి ఎక్కాడు. మాంసం గిన్నెలో మొదటి ముక్క నా పళ్లెంలోనే వేసేవాడు.

2005లో అతనికి సెలవు వచ్చింది. ఊరికి పోయేవాడితో గదివాళ్లు కూడా బనియాస్ బజారుకు వెళ్లడం మా ఆచారం. దుప్పట్లు, సెంటు సీసాలు, పాలపొడి డబ్బాలు కొన్నాక చివర బంగారం కొట్టు. ఆ శుక్రవారం అతను బంగారం కొట్టు ముందు నడక కూడా తగ్గించలేదు. మాకు వంట చేసే కరీంనగర్ అన్న ఊరుకుంటాడా.

"ఏందే, మీ ఆమెకు గాజులు తీసుకుంటనని ఏడాది సంది చెప్తివి. దుకాణం ఇటుంటే అటు పోతున్నవ్?"

"ఆ దుడ్డుకు వేరే పనుందన్నా."

గదికి వచ్చాక సామానంతా అట్టపెట్టెలో కుక్కాం. మూత అణగడానికి నేను పెట్టె మీద కూర్చున్నాను. అతను తాడు బిగిస్తూ, తల ఎత్తకుండా అడిగాడు.

"భాయ్, నాటు పిస్తోలైనా ఒక్క తూటాకు పడతాడు గదా మనిషి?"

"ఎవరు పడాల?"

"మా చిన్నాయన కొడుకు. బోరు కాడికి వస్తే నరుకుతానంటాండాడు. పిస్తోలు ఇచ్చేటోనితో మాట్లాడినా. వాడు కొడవలెత్తితే నీ మాదిరి ఒకటి పేలుస్తా. ఖలాస్."

సిగ్గుతో రాస్తున్నాను. అప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది అతని ప్రాణం కాదు, కింది మంచం. "దూరం చూసుకో" అని ఒక సలహా కూడా పారేశాను.

"దూరమేంది భాయ్, నేను జరగను. జరిగితే వానికి లోకువ."

కొడవలి ఎదురుగా కదలకుండా నిలబడ్డ అతను కళ్ల ముందు కనిపించాడు. పెట్టె మీద నుంచి లేచాను. మూత పైకి లేచింది.

"వచ్చింది ఇద్దరు కాదు, ఒక్కడే" అన్నాను. "రివాల్వర్లో ఉన్నవన్నీ పేల్చినా. జీపు అద్దం పోయింది, టైరు పోయింది. ఒకటి మాత్రం వాని కడుపులో దిగింది."

"పడినాడా?"

"పడలా. తగిలిందని తెలిసినట్టు కూడా లేదు. వచ్చి నా భుజం నరికినాడు. నేను రివాల్వర్ పారేసి జీపు కిందికి దూరినా. వాడు కాంట్రాక్టరును జీపు చుట్టూ తరిమినాడు."

కరీంనగర్ అన్న గంటె పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. "ఎన్ని సుట్లు?"

"ఏమోన్నా, నాకు కాళ్లే కనబడినాయి."

"మరి ఎట్ల ఆగిండు?"

"ఆయాసమొచ్చి రాయి మీద కూచుని నీళ్లడిగినాడు. అప్పుడు చొక్కా చూసుకున్నాడు. అప్పుడు పడినాడు."

తూటా మనిషిని వెనక్కి తొయ్యదు. చిన్న చిల్లు వేస్తుంది, అంతే. తలకో వెన్నుకో తగిలితే తప్ప, రక్తం పోయి కాళ్లు తడబడేదాకా కోపం మీదున్నవాడు నడుస్తూనే ఉంటాడు. ఆ కాసేపట్లో కొడవలి తన పని చేసుకుంటుంది. తగలగానే పడేవాళ్లూ ఉంటారు, వాళ్లలో చాలామందిని పడేసేది భయం. క్వారీ దగ్గర మా మీదికి వచ్చినవాడికి ఆ భయం లేదు. నాకు ఉంది, అందుకే నేను పడ్డాను. ఇద్దరం ఒకే ఆసుపత్రిలో కుట్లు వేయించుకున్నాం. వెళ్లేటప్పుడు అతను నా వైపు చూశాడు, నేను దుప్పటి కప్పుకున్నాను. ఒక మనిషి కడుపుకు చిల్లు పెట్టి, దాన్ని చెప్పుకుని మాంసం ముక్కలు తిన్నాను.

"మరి వాడు కొడవలెత్తితే ఏం జేయాల?" అన్నాడు మెకానిక్.

"పరిగెత్తు."

"లోకువ గాదూ?"

"తూటా తగిలినా వాడొస్తాడు, నువ్వు తప్పుకోవాల్సిందే. తప్పుకునేదానికి పిస్తోలెందుకు?"

అతను పెట్టెకు చివరి ముడి వేశాడు. తర్వాత లేచి నా దిండు పై మంచం మీదికి విసిరాడు.

"జీపు కింద దూరినోనికా ఇన్నాళ్లు మొదటి ముక్క వేసింది. యల్లా, ఎక్కు."

సాయంత్రం మళ్లీ బనియాస్ వెళ్లి గాజులు కొన్నాడు. నన్ను పిలవలేదు.

సెలవు అయ్యాక కాళ్లూ చేతులూ సక్రమంగా తిరిగొచ్చాడు. అందరికీ కారప్పొడి పొట్లాలు పంచి, నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఎత్తినాడు భాయ్."

"నువ్వు?"

"పరిగెత్తినా. దర్గా దాకా. ఊరంతా చూసి నవ్వినారు."

"వాడు?"

"సగం దారిలోనే ఆయాసమొచ్చి కూచున్నాడు. పెద్దమనుషులొచ్చి కొడవలి లాక్కున్నారు. మా ఆమె ఒక్కతే నవ్వలా."

ఆ రోజు మాంసం వండారు. మొదటి ముక్క అతను తన పళ్లెంలోనే వేసుకున్నాడు. రెండోది నాకు వేశాడు. కింది మంచం మాత్రం నేను గల్ఫ్ వదిలేదాకా తిరిగి ఇవ్వలేదు.