పవర్ లేని కళ్ళజోడు

పురిట్లోనే బిడ్డ పోయాక నా భార్యకు నిద్ర కరువైంది. డెబ్బైల నాటి తిరువూరులో అలాంటి బాధకు వైద్యం అడగాలన్నా సిగ్గే. నా ఎరువుల కొట్టుకు వచ్చే మేష్టారొకాయన, బెజవాడ అవతలి యూనివర్సిటీలో మనసు బాగాలేని వాళ్ళను చూసే క్లినిక్ ఉందనీ, చదువుకునే పిల్లలే పెద్దల దగ్గర నేర్చుకుంటూ అక్కడ వైద్యం చేస్తారనీ చెప్పారు. ఊళ్ళో మాత్రం కళ్ళు చూపించడానికి వెళుతున్నామన్నాను.

"కళ్ళకా, సినిమాకా?" అని బస్సు దగ్గర పక్కింటి పిన్నిగారు వేళాకోళమాడింది. నేను నవ్వాను. నా భార్య నవ్వలేదు.

క్లినిక్‌లో మమ్మల్ని కూర్చోబెట్టింది ఇంకా చదువుకుంటున్న ఒక అమ్మాయి.

"రాత్రిళ్ళు నిద్ర పడుతోందాండీ?"

"పట్టదండి," అన్నాను నేను.

"అన్నం తింటున్నారా?"

"నేనే దగ్గరుండి తినిపిస్తున్నానండి."

"ఆవిడ్ని అడుగుతున్నాను సార్. మీరు కాసేపు బయట కూర్చోండి."

వరండాలో కూర్చుంటే తలుపు వెనక నా భార్య గొంతు వినపడుతూనే ఉంది. మాటలు తెలియలేదు. ఇంట్లో ఆమె అంతసేపు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. తిరుగు ప్రయాణంలో, బస్సు రెడ్డిగూడెం చేరకముందే, నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది.

మర్నాడు పిన్నిగారు గోడ మీంచి, "కళ్ళజోడేదే అమ్మాయ్?" అంది. నేను బెజవాడ వెళ్ళి పవర్ లేని అద్దాలు పెట్టించి తెచ్చాను. నా భార్య పెట్టుకుంది.

రెండోసారి వెళ్ళినప్పుడు ఆ అమ్మాయి గుమ్మం దాకా వచ్చింది. "ఇప్పుడిప్పుడే మనసు విప్పుతున్నారండి. మధ్యలో మాన్పించకండి."

బస్సెక్కాక అడిగాను. "లోపల ఏం చెప్పావ్?"

"బాబు మొహం నాకు చూపించకుండానే మీరు తీసుకెళ్ళిపోయారని."

చూస్తే తట్టుకోలేదని అనుకున్నాను ఆనాడు. ఆ మాటైనా చెప్పి ఉండాల్సింది. "ఇంటి సంగతులు పరాయివాళ్ళకెందుకు?" అన్నాను.

మళ్ళీ తీసుకెళ్ళలేదు. ఎరువుల సీజనన్నాను, తర్వాత కోతలన్నాను. ఆమె ఒక్కసారే అడిగి ఊరుకుంది. రాత్రిళ్ళు మంచం మీద లేచి కూర్చునేది. నేను అటు తిరిగి పడుకునేవాణ్ణి.

ఎవరైనా ఇంటికి వస్తే మాత్రం, నేను చెప్పకుండానే ఆ కళ్ళజోడు పెట్టుకునేది.

చాలా ఏళ్ళకు ఆమెకు నిజంగానే చూపు తగ్గింది. నాకు చెప్పలేదు. ఒకరోజు అన్నంలో రాయి పంటికింద పడి, చూసి వండలేవా అని కసురుకున్నాను.

"కనపడలేదండి," అంది.