ఫిరంగుల దగ్గర ఆగిన యుద్ధం

మా ముత్తాత తాత కడప సీమలో పాలెగాడు. ఇరవై ఊళ్ల కావలి ఆయనది, గుట్ట మీది కోట ఆయనది. కుంపిణీవాళ్లు పన్ను కట్టమంటే కట్టనని తిరగబడిన మనిషి. ఆయన కొడుక్కి కోట మిగల్లేదు, ఇనాం భూములు మిగిలాయి. మా తాత గ్రామ మునసబు. ఆయన ఎదుట ఎవరూ కూర్చునేవారు కాదు. మా నాన్న తాలూకా ఆఫీసులో గుమాస్తా. ఆఫీసుకు వెళ్లినా ఆయన వంగి నడవడం నేను చూడలేదు. నేను సముద్రాల అవతల, టౌరంగా అనే రేవు పట్టణంలో, పండ్ల ఎగుమతి కంపెనీలో కంప్యూటర్ల పని చూసేవాణ్ణి.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. దసరా నాడు ఇంటికి పెద్దవాడు ఆ పాలెగాడి కత్తి దూసి, ఇంటి హద్దు దాటి, తూర్పు ముఖంగా నిలబడి ఆయన కుంపిణీతో చేసిన యుద్ధం మొత్తం చెప్పాలి. చెప్పడం పూర్తయ్యేదాకా కూర్చోకూడదు. కత్తి నేలకు తగలకూడదు. తాత నూటమూడు జ్వరంతో కూడా నిలబడే చెప్పాడు.

ఆ ఏడు మేం ఉన్న ఫ్లాట్‌కు బయట నిలబడేంత జాగా లేదు. అందుకని ఊరి అంచున గుట్ట మీద పార్కుకు వెళ్లాం. అక్కడ ఒకప్పుడు ఇంగ్లీషు సైన్యం ఆ దేశపు మూలవాసులైన మావోరీల కందకాల మీద రోజంతా ఫిరంగులు పేల్చింది. మాలాగే వాళ్లను ఎదిరించినవాళ్ల నేల కదా, మా యుద్ధం చెప్పడానికి అంతకంటే తగిన చోటు లేదనుకున్నాను. అక్టోబరు సాయంత్రం, ఇంకా బాగా ఎండ ఉంది. దూరంగా రేవులో క్రేన్లు కనబడుతున్నాయి.

"తొందరగా చెప్పండి. గాలి ఎక్కువుంది, ఈడ మనుషులు కూడా తిరగతాండారు," అంది మా ఆవిడ, శాలువా కప్పుకుంటూ.

"నాన్నా, ఈ ఇయర్ కూడా మనమే ఓడిపోతామా?" అంది మా అమ్మాయి. దానికప్పుడు పద్నాలుగేళ్లు.

"నోర్ముయ్యవే. మీ నాయనకు కోపమొస్తే మళ్లీ మొదట్నుంచి చెప్తాడు."

నేను వినిపించుకోలేదు. వెండి పిడికి కుంకుమ పెట్టి, కత్తి దూసి మొదలుపెట్టాను. పన్ను కట్టనన్నందుకు ఏటా ఇచ్చే భత్యం, తవర్జీ, ఆపేశారన్న కబురు రాగానే ఊళ్లు కావలి కాసే కట్టుబడి బంట్లను కూడగట్టడం, తాలూకా ఖజానా మీద పడడం. వెనకాలే వచ్చిన కుంపిణీ గుర్రపు దళాన్ని కనుమలోకి రానిచ్చి, రెండు వైపులా కొండల మీదనుంచి రాళ్లు దొర్లించి, దారి మూసి కొట్టడం. అది మేం గెలిచిన పోరు. అక్కడ గొంతు పెంచి కత్తి పైకెత్తాలి. ఎత్తాను.

కుక్కను నడిపిస్తున్న ఒక తెల్లావిడ దూరంగా ఆగి చూసింది. వెంటనే కుక్కను లాక్కుంటూ వెనక్కి వెళ్లిపోయింది.

ఆ తర్వాత కుంపిణీ కడపనుంచి ఎడ్లబండ్ల మీద ఫిరంగులు తెప్పించి తూర్పు బురుజుకు గురిపెట్టిన ఘట్టం. అక్కడిదాకా వచ్చేసరికి పోలీసు కారు గడ్డి మీదికే వచ్చి ఆగింది. ఇద్దరు దిగారు. ఒకడు వెనక తలుపు తెరిచి తుపాకీ తీశాడు. ఈ దేశంలో పోలీసు చేతిలో తుపాకీ నేను అంతకుముందు చూడలేదు.

"కత్తి కింద పెట్టు! కింద పెట్టు!" అని అరిచాడు.

నేను కదల్లేదు. ధైర్యంతో కాదు. భయంతో. నేలకు తగలకూడదన్న మాట ఒకటే బుర్రలో తిరుగుతోంది. చిన్నప్పటినుంచి విన్న, చెప్పిన ఆ యుద్ధంలో మావాళ్లు ఎవరూ భయపడరు. బురుజు కూలుతుంది, మందుగుండు అయిపోతుంది, నల్లమలకు తప్పుకుంటారు, అడవిలో ఆకలికి మాడతారు, నమ్మినవాడే పట్టిస్తాడు. ఎక్కడా భయం అన్న మాట లేదు. ఇదే భయం వాళ్లకూ వచ్చి ఉండాలి. మరి ఎలా నిలబడాలో మాత్రం ఎవరూ చెప్పిపోలేదు.

మా అమ్మాయి రెండు చేతులూ పైకెత్తి ఇంగ్లీషులో ఏడుస్తూ అరుస్తోంది. "హి ఈజ్ మై డాడ్! ఇది పూజ, ప్లీజ్, కాల్చొద్దు!"

"కదలొద్దు పాపా, అక్కడే ఉండు!" అన్నాడు రెండో పోలీసు.

మా ఆవిడ మాత్రం కదిలింది. పోలీసులు ఆగమని అరుస్తున్నా వినకుండా, ఒంటిమీది శాలువా తీసి నా కాళ్ల ముందు గడ్డి మీద పరిచింది.

"దీని మీద పెట్టండి. నేల కాదిది. పెట్టండి, మీకు దండం పెడతా."

పెట్టాను. మరుక్షణం నన్ను బోర్లా పడేసి బేడీలు వేశారు. నా ముఖం నేలకు తగిలింది. కత్తి తగల్లేదు.

స్టేషన్లో నా మాటలు రాసుకున్న సార్జెంటు మావోరీ, వయసైన మనిషి. ఆ గుట్టే ఎందుకని అడిగాడు. చెప్పాను. ఆయన కలం పక్కన పెట్టాడు.

"అక్కడ మా పెద్దవాళ్లు ఉన్నారు, నేల కింద," అన్నాడు. "నీ కథ నీకు గొప్పదే. కానీ ఎవరినీ అడక్కుండా కత్తి పట్టుకుని వాళ్ల మీద నిలబడతావా?"

మా సమాధుల మీద అలా ఎవరైనా నిలబడి ఉంటే నేను ఊరుకునేవాణ్ణి కాను.

అప్పటికి మా రెసిడెన్సీ అప్లికేషన్ నడుస్తోంది. కేసు పెడితే ముగ్గురం దేశం విడిచి వెళ్లిపోవాల్సిందే. కేసు పెట్టేదీ లేనిదీ పైవాళ్లు తేలుస్తారని చెప్పి ఇంటికి పంపారు. ఆ తర్వాత ఇంటి ముందు కారు ఆగితే మా ఆవిడ పొయ్యి కట్టేసి నిలబడిపోయేది. అమ్మాయి స్కూల్లో ఎవరికీ చెప్పలేదు. నేను ఆఫీసులో ఫోన్ మోగినప్పుడల్లా చెమటలు తుడుచుకున్నాను. కుర్చీలో మాత్రం నిటారుగానే కూర్చున్నాను.

చివరికి సార్జెంటే ఇంటికి వచ్చాడు. గడప బయట షూ విప్పి లోపలికి వచ్చి, కేసు లేదు, హెచ్చరికతో సరిపెట్టారని చెప్పాడు. స్టేషన్‌కు వచ్చి కత్తి తీసుకెళ్లొచ్చన్నాడు.

ఆయన వెళ్లగానే మా ఆవిడ తలుపు వేసి నావైపు తిరిగింది. "అది ఈ ఇంట్లోకొస్తే నేనూ పిల్లా బయటికి పోతాం. మీ తాతలు పోయింది చాలు."

"అది మా వంశపు కత్తి."

"మేం మీ వంశం కాదా?"

నేను తప్పు చేశానని ఇప్పటికీ ఒప్పుకోను. తప్పల్లా చోటుది. కానీ ఆమె ముఖంలో గుట్ట మీద శాలువా పరిచినప్పటి భయమే ఉంది. దానితో వాదించలేకపోయాను.

కత్తిని స్టేషన్‌నుంచి నేరుగా ఆక్లండ్ తీసుకెళ్లి, పాత ఆయుధాలు కొనే దుకాణంలో వెండి పిడితో సహా అమ్మేశాను.